ఐదు చుక్కల మందు వెనక ఎన్ని డిగ్రీలు: బయోటెక్నాలజీ, వైద్య పరిశోధన చదువుల చిక్కుముడి

నీట్ ఫలితాలు వచ్చాక బైపీసీ పిల్లలున్న ఇళ్లలో ఒకటే చర్చ. లాంగ్‌టర్మ్‌కి పంపాలా, అగ్రికల్చర్ చూడాలా, ఫార్మసీలో వేయాలా అని. ఆ వరుసలో ఎక్కడో బయోటెక్నాలజీ పేరు వస్తుంది. వెంటనే ఇంట్లో రెండు పార్టీలు ఏర్పడతాయి. "వ్యాక్సిన్లు ఎన్నో మన హైదరాబాద్‌లోనే తయారవుతున్నాయి, రేపు అంతా దీనిదే" అంటాడు బాబాయి. "మా ఆఫీసులో ఒకాయన కూతురు ఎమ్మెస్సీ బయోటెక్ చేసి మెడికల్ కోడింగ్‌లో కూర్చుంది" అంటాడు మావయ్య. ఇద్దరూ చెప్పేది నిజమే. ఒకే డిగ్రీ నుంచి ఈ రెండూ ఎలా వస్తున్నాయన్నదే అసలు చిక్కు.

కోర్సుల పేర్లు చూస్తూ కూర్చుంటే ఇది తేలదు. బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ, జెనెటిక్స్, బయోమెడికల్ సైన్స్... బ్రోషర్లలో అన్నిటికీ అవే ఫొటోలు, తెల్ల కోటు, నీలం గ్లోవ్స్. అందుకని వెనక నుంచి వద్దాం. జనం దాకా చేరిన ఒక మందును తీసుకుని, అది ఎవరెవరి చేతులు దాటి వచ్చిందో, వాళ్లు ఏ చదువు చదివినవాళ్లో చూద్దాం. నేనైతే రోటావ్యాక్‌ని తీసుకుంటాను. ఆరు, పది, పద్నాలుగు వారాల వయసులో పసిపిల్లల నోట్లో ఐదేసి చుక్కలు వేసే, రోటావైరస్ తెచ్చే విరేచనాలను అడ్డుకునే టీకా. 2016లో ప్రభుత్వ టీకాల కార్యక్రమంలోకి రోటావైరస్ టీకాను తెచ్చినప్పుడు ముందుగా మొదలుపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

కథ 1980ల మధ్యలో ఢిల్లీ ఎయిమ్స్‌లో మొదలైంది. అప్పుడే పుట్టిన పిల్లల వార్డులో కొందరికి రోటావైరస్ సోకింది, కానీ విరేచనాలు కాలేదు. తర్వాత చూస్తే ఆ పిల్లలకు రోటావైరస్ జబ్బు నుంచి రక్షణ కూడా ఉంది. అంటే ఆ వార్డులో తిరిగిన వైరస్ తనంతట తానే టీకాలా పనిచేసిందన్నమాట. దీన్ని పట్టుకున్నది పిల్లల డాక్టర్ మహారాజ్ కిషన్ భాన్, ఆయన బృందం. ఆ వైరస్ రకానికి 116ఈ అని పేరు పెట్టారు. అక్కడి నుంచి 2015 మార్చిలో టీకా విడుదలయ్యేదాకా దాదాపు 30 ఏళ్లు.

ఆ 30 ఏళ్లలో మొదటి అడుగు వేసింది డాక్టరు. పేషెంట్ల మధ్య తిరిగేవాడికే కనబడే ప్రశ్న అది. జబ్బు రావాల్సిన చోట ఎందుకు రాలేదు? వైద్య పరిశోధనలో ఇలాంటి ప్రశ్నలకు విలువ చాలా ఎక్కువ, మన దగ్గర ఎంబీబీఎస్ చదివినవాళ్లలో అటు వెళ్లేవాళ్లు చాలా తక్కువ. రెండో అడుగు ల్యాబ్‌లో వైరస్‌ని విడదీసి చదివినవాళ్లది. 116ఈ మనుషుల రోటావైరసే అయినా, అందులో ఒక జన్యువు పశువుల రోటావైరస్ నుంచి వచ్చి చేరిందని తేల్చింది వీళ్లే. మాలిక్యులర్ బయాలజీ, వైరాలజీ, పీహెచ్‌డీలు, ఇదంతా వాళ్ల లోకం. "సైంటిస్ట్ అవుతా" అని మన పిల్లలు అన్నప్పుడు మనసులో ఉండేది ఈ ఒక్క అడుగే.

మూడో అడుగు హైదరాబాద్‌లో, భారత్ బయోటెక్‌లో పడింది. ఫ్లాస్కులో పెరిగే వైరస్‌ని లక్షల డోసులకు సరిపడా పెంచాలి. రోటావ్యాక్ వైరస్ పెరిగేది వీరో కణాల్లో, అంటే ఒక రకం కోతి కిడ్నీ నుంచి తీసి ల్యాబుల్లో దశాబ్దాలుగా పెంచుతున్న కణాల్లో. చిన్న ఫ్లాస్కులో బాగా పెరిగిన కణాలు పెద్ద పాత్రలో పెరగనంటాయి. ఆక్సిజన్ చాలదు, వేడి సమంగా అందదు, కలిపే వేగం ఎక్కువైతే కణాలే చిరిగిపోతాయి. దీన్ని పరిష్కరించేవాళ్లు బయోప్రాసెస్ ఇంజినీర్లు. బీటెక్ బయోటెక్నాలజీలో హీట్ ట్రాన్స్‌ఫర్, ఫ్లూయిడ్ మెకానిక్స్ ఎందుకు ఉంటాయని ఏడ్చే పిల్లలకు జవాబు ఇక్కడుంది.

బీఎస్సీకీ బీటెక్‌కీ అసలు తేడా కూడా ఇదే. బీఎస్సీ కణం లోపల ఏం జరుగుతుందో చెబుతుంది, బీటెక్ ఆ కణంతో పని ఎలా చేయించుకోవాలో చెబుతుంది. బైపీసీ వాళ్లు ఈఏపీసెట్ రాసి బీటెక్ బయోటెక్‌లో చేరొచ్చు, లెక్కలకు బ్రిడ్జ్ కోర్సు ఉంటుంది. కాకపోతే ఒక సంగతి ముందే తెలియాలి. మామూలు ఇంజినీరింగ్ కాలేజీలో ఈ బ్రాంచ్ చదివితే క్యాంపస్‌కి వచ్చేవి ఎక్కువగా సాఫ్ట్‌వేర్ కంపెనీలే. చాలామంది అటే వెళ్తారు, అందులో తప్పేమీ లేదు. బయోటెక్ మీద ఇష్టంతో చేరినవాళ్లు మాత్రం కోర్ ఉద్యోగం ఎవరో తెచ్చిస్తారని కూర్చోకూడదు.

నాలుగో అడుగు క్వాలిటీ వాళ్లది. మన దగ్గర బీఎస్సీ, ఎమ్మెస్సీ బయోటెక్, మైక్రోబయాలజీ వాళ్లకు ఎక్కువ ఉద్యోగాలు దొరికేది ఇక్కడే. శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీ అనే బయోటెక్ కంపెనీల పార్కులో షిఫ్టుల్లో పనిచేసేవాళ్లను అడగండి. క్యూసీ అంటే శాంపిల్ తీసి పరీక్షించడం, క్యూఏ అంటే పని పద్ధతి ప్రకారం జరిగిందా లేదా కాగితాల మీద నిర్ధారించడం. తయారైన టీకా బ్యాచ్ కంపెనీ సంతకంతోనే బయటికి పోదు, హిమాచల్‌లోని కసౌలీలో ఉన్న కేంద్ర ఔషధ ప్రయోగశాల కూడా సరేననాలి. ఈ పనిలో కొత్త ఆవిష్కరణలు ఉండవు. రోజూ అదే పరీక్ష, అదే లాగ్‌బుక్, ఆడిట్ అంటే వారం రోజులు టెన్షన్. కానీ ఒక డోసు మీద నమ్మకం పుట్టేది ఇక్కడే. దీన్ని చిన్న ఉద్యోగంగా చూసే పీహెచ్‌డీ వాళ్లంటే నాకు చిరాకు.

ఇక ఐదో అడుగు, కాలేజీల్లో ఎవరూ సరిగ్గా చెప్పనిది: టీకా పనిచేస్తుందో లేదో మనుషుల మీద తేల్చడం. దీని దగ్గర కాసేపు ఆగుదాం.

రోటావ్యాక్ మూడో దశ పరీక్ష ఢిల్లీ, పుణె, వేలూరుల్లో 6,799 మంది పసిపిల్లలతో జరిగింది. అందులో 4,532 మందికి టీకా, 2,267 మందికి టీకాలా కనిపించే ఉత్తుత్తి మందు ఇచ్చారు. ఎవరికి ఏది పడిందో అమ్మానాన్నలకూ తెలియదు, డాక్టర్లకూ తెలియదు. 2014లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, టీకా వేసుకున్న వైపు తీవ్రమైన రోటావైరస్ విరేచనాల కేసులు 71. ఉత్తుత్తి మందు వైపు 76.

ఈ రెండు అంకెలు చూసి చాలామంది అనేది ఒకటే: "అంతేనా? పెద్ద తేడా ఏముంది?" టీవీ చర్చల్లో అయితే ఇక్కడే కథ ముగిసిపోతుంది. కానీ టీకా వైపు పిల్లలు రెట్టింపు ఉన్నారు కదా. పైగా అందరినీ ఒకే కాలం గమనించలేదు, ఒక బిడ్డ ముందు చేరింది, ఒక బిడ్డ తర్వాత, ఒక కుటుంబం ఊరు మారిపోయింది. అందుకే తలల్ని కాదు, కాలాన్ని లెక్కపెడతారు. ఒక బిడ్డను ఏడాది గమనిస్తే ఒక యూనిట్. అలా చూస్తే టీకా వైపు 4,752 యూనిట్లకు 71 కేసులు, అంటే వందకు సుమారు 1.5. రెండో వైపు 2,360 యూనిట్లకు 76, అంటే వందకు సుమారు 3.2. తీవ్రమైన జబ్బు సగానికి పైగా తగ్గింది. లెక్క కడితే టీకా సామర్థ్యం 53.6 శాతం.

సగమేనా అని మళ్లీ ఒక ప్రశ్న. దేశంలో ఆసుపత్రి దాకా వెళ్లే పసిపిల్లల విరేచనాల్లో రోటావైరస్ వాటా ఎంత పెద్దదో తెలిసినవాళ్లకు ఆ సగం విలువ తెలుస్తుంది. అదీగాక డోసు ఒక డాలరుకే ఇస్తామని కంపెనీ ముందే మాట ఇచ్చింది. పేద దేశాల్లో టీకా నిలబడేది సామర్థ్యంతో పాటు ధర మీద కూడా.

ఇప్పుడు మన విద్యార్థి దగ్గరికి వద్దాం. బైపీసీ తీసుకున్నదే లెక్కలు తప్పించుకోవడానికి, నిజం ఒప్పుకుందాం. బీఎస్సీలో బయోస్టాటిస్టిక్స్ పేపర్ అంటే మీన్, మీడియన్, మోడ్ బట్టీపట్టి పాసవడమే. తీరా పీహెచ్‌డీలోకి వచ్చాక, "ఎంతమంది పేషెంట్లు కావాలి?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పలేక చేతులెత్తేస్తారు. డిగ్రీ రెండో ఏడాది నుంచే డేటా లెక్కలకు వాడే ఆర్ గానీ పైథాన్ గానీ నేర్చుకుని, ఎవరో ప్రచురించిన డేటాతో ఆడుకున్న పిల్లలు మిగతావాళ్ల కంటే చాలా ముందుంటారు. జన్యువుల వరుసలు చదివే యంత్రాలు ఇప్పుడు గుట్టలు గుట్టలుగా డేటా పోస్తున్నాయి, దాన్ని చదివేవాళ్లు తక్కువ.

మనుషుల మీద పరీక్ష అంటే ఇంకో బాధ్యత కూడా ఉంది. 2009లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, గుజరాత్‌లోని వడోదరలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే టీకా వేసే ప్రాజెక్టు నడిచింది. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010లో కేంద్రం దాన్ని ఆపేసింది. మరణాలకూ టీకాకూ సంబంధం కనబడలేదని విచారణ చెప్పింది. కానీ ఖమ్మంలో ఎంతోమంది హాస్టల్ పిల్లల అంగీకార పత్రాల మీద తల్లిదండ్రులు కాదు, వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టారన్నది బయటపడింది. పార్లమెంటు స్థాయీ సంఘం 2013 నివేదికలో ఈ వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. మన దేశంలో క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు బిగుసుకోవడానికి కారణాల్లో ఇదొకటి. ట్రయల్‌ని ముందే సీటీఆర్ఐ అనే బహిరంగ రిజిస్టర్‌లో నమోదు చేయాలి, ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి, అంగీకార పత్రం పేషెంటు భాషలో ఉండాలి. ఎమ్మెస్సీ చదివి క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్‌గా చేరే అమ్మాయి రోజంతా చేసేది ఈ పనే. గిరిజన గూడెం నుంచి వచ్చిన తల్లికి "వద్దంటే మీ వైద్యానికేం అడ్డం రాదు" అని తెలుగులో అర్థమయ్యేలా చెప్పగలగడం ఇక్కడ అర్హత. ఏ సిలబస్‌లోనూ దానికి మార్కుల్లేవు.

ఇప్పటిదాకా ఐదు అడుగులు, ఐదు రకాల మనుషులు. బాబాయి చూసింది మూడో అడుగు, మావయ్య చూసింది ఈ ఐదింటిలో దేనిలోనూ అడుగుపెట్టలేకపోయిన వాళ్లని. మెడికల్ కోడింగ్ అంటే అమెరికా ఆసుపత్రుల బిల్లులకు కోడ్‌లు వేసే పని. గౌరవంగా బతకడానికి సరిపోయే ఉద్యోగమే, కానీ పరిశోధన కాదు. ఎమ్మెస్సీ దాకా చదివినవాళ్లు అక్కడ ఎందుకు తేలుతున్నారంటే, ఎక్కువమంది విషయంలో కారణం తెలివి కాదు. చేతులకు పని రాకపోవడం.

ఈ మాటను కొంచెం వివరంగా చెప్పాలి. కణాల కల్చర్ తీసుకోండి. ఫ్లాస్కులో గులాబీ రంగు మీడియా, అంటే కణాలకు తిండి అందించే ద్రవం, అడుగున కంటికి కనబడని పల్చటి పొరలా కణాలు. రెండు మూడు రోజులకోసారి మీడియా మార్చాలి, ఆదివారమైనా, సంక్రాంతైనా. గులాబీ రంగు పసుపుకి తిరిగితే ఆమ్లం పెరిగిందని. పసుపుతో పాటు మసకబారిందంటే బ్యాక్టీరియా చేరినట్టే, నెల రోజుల పని సింక్‌లోకి. పిపెట్ టిప్ ఎక్కడ తగిలింది, ఫ్లాస్కు మూత ఎంతసేపు తెరిచి ఉంచాం, హుడ్‌లో చెయ్యి ఎటు నుంచి ఎటు కదిలింది అన్నవి పుస్తకం చెప్పదు, పక్కన సీనియర్ నిలబడి చెప్పాలి. డీఎన్ఏ ముక్కకు లక్షల నకళ్లు తీసే పీసీఆర్ అయినా అంతే. జెల్ మీద బ్యాండ్ రాలేదంటే ప్రైమర్ తప్పా, ఎంజైమ్ పాడైందా, అసలు డీఎన్ఏనే లేదా? ఒక్కోటి మార్చి చూడాలి. ఆ ఓపిక, ఆ వరుస క్రమమే పరిశోధన చదువు.

మన డిగ్రీ కాలేజీల్లో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. ముప్పై మంది చుట్టూ నిలబడతారు, ల్యాబ్ అసిస్టెంట్ ఒక్కసారి చేసి చూపిస్తాడు, రికార్డులో బొమ్మ గీసి సంతకం పెట్టించుకుంటారు. ఎమ్మెస్సీ చివర ప్రాజెక్టు అంటే, నగరంలో ఏదో ప్రైవేటు ల్యాబ్‌కి డబ్బు కట్టి రిపోర్టు తెచ్చుకోవడం కూడా ఉంది. ఇంటర్వ్యూలో "ఈ యాంటీబాడీ ఎంత డైల్యూషన్ వాడావు, ఎందుకు?" అని ఒక్క ప్రశ్న వేస్తే ఆ రిపోర్టు సంగతి తేలిపోతుంది. అందుకే కాలేజీ చూడ్డానికి వెళ్లినప్పుడు ప్లేస్‌మెంట్ బోర్డు దగ్గర కాకుండా ల్యాబ్ దగ్గర ఆగమంటాను. ఒక పిపెట్ ఎంతమంది వాడతారు? మైనస్ 80 ఫ్రీజర్ నడుస్తోందా, కరెంటు పోతే బ్యాకప్ ఉందా? గత ఏడాది పిల్లలు ప్రాజెక్టు ఎక్కడ చేశారు?

చిన్న పక్కమాట. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో ఫాస్ఫేట్ కొలవడానికి ఫిస్కే-సుబ్బారావు పద్ధతి ఉంటుంది, నీలం రంగు ఎంత చిక్కగా వస్తే ఫాస్ఫరస్ అంత ఎక్కువని. 1925 నాటి పద్ధతి. ఆ సుబ్బారావు మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావేనని గమనించకుండానే రికార్డు రాసేసేవాళ్లు చాలామంది. మద్రాసులో వైద్యం చదివి, హార్వర్డ్‌లో బయోకెమిస్ట్రీలోకి మారి, తర్వాత మందుల కంపెనీలో పరిశోధన నడిపించారు. పైన చెప్పిన అడుగుల్లో మూడింటిని ఒక్క మనిషే నడిచారన్నమాట. అలాగే, ఈస్ట్‌లో తయారయ్యే హెపటైటిస్-బి టీకాని 1997లో మొదటిసారి దేశంలోనే తయారుచేసి మార్కెట్లోకి తెచ్చిన శాంతా బయోటెక్నిక్స్‌ని స్థాపించిన వరప్రసాద్ రెడ్డి ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు. ఈ రంగంలో డిగ్రీల మధ్య గోడలు బయటి నుంచి కనబడేంత ఎత్తుగా ఉండవు.

ప్రవేశాల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఇంటర్ అవగానే పరిశోధనే కావాలనుకునేవాళ్లు కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ అయిన తిరుపతి ఐసర్‌లో ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ చూడాలి, ప్రవేశ పరీక్షలో లెక్కలు కూడా ఉంటాయి కాబట్టి బైపీసీ వాళ్లు దానికి విడిగా చదవాలి. బీఎస్సీ తర్వాత ఎమ్మెస్సీకి చాలామంది సొంత రాష్ట్రం పరీక్ష ఒక్కటే రాసి ఊరుకుంటారు. అదొక్కటే రాయొద్దు. సెంట్రల్ యూనివర్సిటీలకు సీయూఈటీ పీజీ, ఐఐటీలకు జామ్, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం సాయంతో నడిచే కోర్సులకు గ్యాట్-బి ఉన్నాయి. ఈ చివరి దాంట్లో సీటొస్తే చదువుకునేటప్పుడే స్టైపెండ్ ఇస్తారు. ఇంత మంచి అవకాశం గురించి మన జిల్లా కాలేజీల్లో వినబడేది చాలా తక్కువ.

ఎమ్మెస్సీ తర్వాత సీఎస్ఐఆర్ నెట్, అంటే సైన్స్ సబ్జెక్టుల జాతీయ అర్హత పరీక్ష. "నెట్ క్వాలిఫై అయ్యాడు" అనే మాట వెనక మూడు వేర్వేరు సంగతులున్నాయి. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీకి ఫెలోషిప్ డబ్బు కూడా వస్తుంది, 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, తర్వాత రూ.42,000, ఇంటి అద్దె భత్యం అదనం. రెండో రకంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, పీహెచ్‌డీ ప్రవేశానికి అర్హత ఉంటాయి, డబ్బు ఉండదు. మూడోది పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే. లైఫ్ సైన్సెస్ పేపర్ 200 మార్కులకు. అందులో సగం, అంటే 100 మార్కులు పార్ట్ సీవి. 75 ప్రశ్నలిస్తారు, 25 రాస్తే చాలు. అవి జ్ఞాపకశక్తి ప్రశ్నలు కావు. ఒక ప్రయోగం ఇచ్చి, ఈ గ్రాఫ్ నుంచి ఏమనొచ్చు, ఏమనకూడదు అని అడుగుతారు. కోచింగ్ నోట్సు కంటే ల్యాబ్‌లో తప్పిన ప్రయోగాలు ఇక్కడ ఎక్కువ పనికొస్తాయి.

హైదరాబాద్‌లో కణాలు, జన్యువుల మీద పరిశోధన చేసే సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, జాతీయ పోషకాహార సంస్థ, హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ లాంటివన్నీ ఒకే ఊళ్లో ఉండటం మనవాళ్ల అదృష్టం. కానీ పీహెచ్‌డీ అంటే ఐదారేళ్లు. అప్పటికి ఇంజినీరింగ్ చేసిన స్నేహితుడు ఫ్లాట్ కొని ఉంటాడు. ఫెలోషిప్ కొన్నిసార్లు నెలల తరబడి ఆగి ఒకేసారి పడుతుంది. ఇంట్లో ఆ ఐదేళ్లు ఎవరి మీదా ఆధారపడకుండా గడవదనుకుంటే, ముందు రెండేళ్లు కంపెనీలో చేసి తర్వాత రావడంలో నామోషీ లేదు. క్యూసీలో పనిచేసి వచ్చినవాళ్ల ల్యాబ్ నోట్‌బుక్ చూస్తే గైడ్లు ముచ్చటపడతారు.

అమెరికా గురించి ఒక్కటే చెబుతాను, ఎందుకంటే అక్కడే ఎక్కువ డబ్బు పోతోంది. బయోటెక్‌లో ఎంఎస్ అంటే మామూలుగా సొంత ఖర్చు, అంటే లోను. అదే బయోమెడికల్ పీహెచ్‌డీ అయితే చాలా యూనివర్సిటీలు ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ ఇస్తాయి, మాస్టర్స్ ఉండి తీరాలన్న నియమం కూడా చాలాచోట్ల లేదు. విదేశీ విద్యార్థులకు సీట్లు తక్కువ, పోటీ గట్టిది, ల్యాబ్ అనుభవం లేనివాళ్లను తీసుకోరు. అందుకే మన కన్సల్టెన్సీలు దాని గురించి మాట్లాడవు, వాళ్లకు కమీషన్ వచ్చేది ఎంఎస్‌లోనే. ఇక్కడ ఒకటి రెండేళ్లు ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా చేసి పీహెచ్‌డీకి అప్లై చేయడం, లోను తీసుకుని ఎంఎస్‌కి వెళ్లడం కంటే మేలని నా అభిప్రాయం.

ఆ ల్యాబ్ అనుభవం ఎక్కడ దొరుకుతుందంటే, మొదటి మెట్టు వేసవి సెలవులు. దేశంలోని సైన్స్ అకాడమీలు మూడూ కలిసి ఏటా వేసవి పరిశోధన ఫెలోషిప్‌లు ఇస్తాయి, దరఖాస్తు ముందు ఏడాది చివర్లోనే వేయాలి. అది రాకపోతే నేరుగా గైడ్లకు మెయిల్ పెట్టడమే. "రెస్పెక్టెడ్ సర్" అని యాభై మందికి ఒకే మెయిల్ పంపితే ఎవరూ తెరవరు. ఆ ల్యాబ్ నుంచి ఈ మధ్య వచ్చిన ఒక పేపర్ చదివి, అందులో మీకు అర్థం కాని ఒక బొమ్మ గురించి రెండు వాక్యాల్లో అడిగి, ఎన్ని వారాలు ఉండగలరో, హాస్టల్ కావాలో వద్దో రాయండి. జవాబు రాకపోతే ఓ పది రోజులాగి ఇంకోసారి గుర్తుచేయండి. రెండోసారి రాసినందుకు ఎవరూ తప్పుగా అనుకోరు, చాలాసార్లు మొదటి మెయిల్ వాళ్లు చూసి ఉండరు.